పాళ్లు, త్రైరాశికం, నిష్పత్తి: తెలుగు గణితబోధనలో అనుపాతభావన - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

పాఠశాల గణితంలో నిష్పత్తి-అనుపాతం విద్యార్థులు తరచుగా తడబడే అధ్యాయం. ఈ తడబాటుకు గణితపరమైన కారణాలతోపాటు భాషాపరమైన, చారిత్రకమైన కారణాలు కూడా ఉన్నాయి. తెలుగు లోకవ్యవహారంలోని ‘పాళ్లు’, సంస్కృత గణితసంప్రదాయం నుంచి వచ్చిన ‘త్రైరాశికం’, ఆధునిక పాఠ్యపుస్తకాలలోని ‘నిష్పత్తి-అనుపాతం’, ‘ఏకవస్తు పద్ధతి’ అనే నాలుగు పరిభాషలు ఒకే భావనను నాలుగు కోణాల నుంచి చూపుతాయి. వీటిలో ఒక్కొక్కటి ఏ అంశాన్ని స్పష్టం చేసిందో, దేనిని మరుగుపరచిందో చారిత్రకక్రమంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. తెలుగు వాక్యనిర్మాణంలోని ‘కి/కు’ ప్రత్యయానికీ త్రైరాశికంలోని రాశుల అమరికకూ ఉన్న పొంతనను ఇది ప్రత్యేకంగా చర్చిస్తుంది.

కీలకపదాలు: త్రైరాశికం, నిష్పత్తి, అనుపాతం, పాళ్లు, ఏకవస్తు పద్ధతి, వీధిబడి, పారిభాషికపదాలు, పావులూరి మల్లన.

1. ప్రవేశిక

అమెరికన్ భౌతికశాస్త్రవేత్త రాబర్ట్ కార్‌ప్లస్ విద్యార్థుల ఆలోచనాసరళిని తెలుసుకోవడానికి రూపొందించిన ప్రశ్న ఒకటి గణితవిద్యా పరిశోధనల్లో ప్రసిద్ధం. ఒక పొట్టి మనిషి బొమ్మ ఎత్తు 4 గుండీలు, పొడుగు మనిషి బొమ్మ ఎత్తు 6 గుండీలు. పొట్టి మనిషిని కాగితపు క్లిప్పులతో కొలిస్తే 6 క్లిప్పులు వచ్చాయి. పొడుగు మనిషి ఎన్ని క్లిప్పులు ఉంటాడు? సరైన జవాబు 9. కాని చాలామంది విద్యార్థులు 8 అని చెబుతారు. గుండీలలో తేడా రెండు కనుక క్లిప్పులలోనూ తేడా రెండే ఉండాలని వారి తర్కం.

ఈ పొరపాటు లెక్క చేయడం రానందువల్ల కలిగింది కాదు. కూడిక, తీసివేత, గుణకారం వచ్చిన విద్యార్థులే ఇలా జవాబిస్తారు. రెండు రాశులను పోల్చడానికి ‘ఎంత ఎక్కువ’ అని అడగడం ఒక మార్గం, ‘ఎన్ని రెట్లు’ అని అడగడం మరొక మార్గం. మొదటిది సంకలన సంబంధం, రెండవది గుణకార సంబంధం. అనుపాతభావన అర్థం కావడమంటే ఏ సందర్భంలో ఏ ప్రశ్న అడగాలో తెలియడం. అది తెలియనివానికి సూత్రం కంఠస్థంగా ఉన్నా ప్రయోజనం ఉండదు.

ఆ తెలివిడిని అందించే బాధ్యత తరగతిలో భాషపైనే పడుతుంది. ఉపాధ్యాయుడు వాడే పదం, సమస్యను నిర్మించే వాక్యం, రాశులను పలకమీద అమర్చే క్రమం విద్యార్థి దృష్టిని ఒక వైపుకు తిప్పుతాయి. తెలుగులో ఈ పదం, వాక్యం, అమరిక కాలక్రమంలో మారుతూ వచ్చాయి. ఆ మార్పుల చరిత్రను పరిశీలిస్తే నేటి తరగతిగది సమస్యకు కొంత వివరణ లభిస్తుంది.

2. లోకవ్యవహారంలో ‘పాళ్లు’

నిష్పత్తి అన్న మాట పాఠశాలలో వినడానికి ముందే తెలుగు పిల్లలకు దానిని చెప్పే మాట ఒకటి తెలిసి ఉంటుంది. అది ‘పాలు’. భాగం, వాటా అని దీనికి అర్థం. క్షీరవాచకమైన ‘పాలు’ నిత్యబహువచనం. భాగవాచకమైన ‘పాలు’ ఏకవచనం, దాని బహువచనం ‘పాళ్లు’. పొలం పాలుకు ఇవ్వడం, పాలుపంచుకోవడం, సగపాలు, సమపాళ్లు మొదలైన ప్రయోగాలన్నీ ఈ పదం నుంచి వచ్చినవే. ఇల్లు కట్టే తాపీమేస్త్రి సిమెంటుకు ఇసుక ఎన్ని పాళ్లు కలపాలో చెబుతాడు. సంపూర్ణంగా అన్న అర్థంలో వాడే ‘నూటికి నూరుపాళ్లు’ అన్న పలుకుబడిలో శాతభావన ఇమిడి ఉంది.

ఈ చివరి ప్రయోగంలోని ‘నూటికి’ అన్న రూపం గమనింపదగినది. తెలుగులో దర, రేటు, వడ్డీ, కూలి, పాకం వంటి అనుపాత సంబంధాలన్నింటినీ వ్యక్తం చేసే ప్రధానసాధనం ‘కి/కు’ ప్రత్యయం. నూటికి రెండు రూపాయల వడ్డీ, గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు, ఎకరానికి ఇరవై బస్తాలు, రోజుకు ఇంత కూలి అనే వాక్యాలన్నీ ఒకే నిర్మాణంలో ఉంటాయి. సంప్రదాయ వ్యాకరణం షష్ఠీవిభక్తి ప్రత్యయాలలో చేర్చిన ఈ కి/కులు ఇక్కడ ఒక రాశిని ఆధారంగా నిలిపి, దానికి సరిపడే మరొక రాశిని పక్కన ఉంచుతాయి. పంపకాన్ని తెలిపే ‘ఏసి’ కూడా ఇటువంటిదే. ‘ఒక్కొక్కరికి మూడేసి’ అన్నప్పుడు మనుషుల సంఖ్య ఎంత పెరిగినా తలకు వచ్చేది మారదన్న స్థిరత్వం ఆ రూపంలోనే ఉంది.

పాత కొలమానాలు కూడా ఈ భావనకు అనువైన నేపథ్యాన్ని కల్పించాయి. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. ఈ శ్రేణిలో తూము వరకు ఒక మెట్టు నుంచి మరొక మెట్టుకు వెళ్లడమంటే రెట్టింపు చేయడం, నాలుగింతలు చేయడం, లేదా సగం, పాతిక చేయడం. కొలిచే పాత్రలే గుణకార సంబంధాన్ని చేతికి అందించాయి.

అయితే లోకవ్యవహారం ఇచ్చే జ్ఞానానికి పరిమితులున్నాయి. మేస్త్రికి తన పనిలో పాళ్లు తెలుస్తాయి. అదే సంబంధం వడ్డీలోనూ, నీడ పొడవులోనూ ఉందని చెప్పడానికి ఒక సాధారణ నియమం అవసరం. భారతీయ గణితసంప్రదాయంలో ఆ నియమమే త్రైరాశికం.

3. సంస్కృత గణితంలో త్రైరాశికం

క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలోని గణితపాదం త్రైరాశిక నియమాన్ని సూత్రప్రాయంగా చెప్పింది. తెలిసిన మూడు రాశుల నుంచి తెలియని నాలుగవ రాశిని సాధించడం ఇందులోని విషయం. మూడు రాశులకు మూడు పేర్లున్నాయి: ప్రమాణం, ఫలం, ఇచ్ఛ. ఫలరాశిని ఇచ్ఛారాశితో గుణించి, ప్రమాణరాశితో భాగిస్తే ఇచ్ఛాఫలం వస్తుంది. ఈ పేర్లు సంఖ్యల పేర్లు కావు, సమస్యలో ఆ సంఖ్యలు నిర్వహించే పాత్రల పేర్లు. తెలిసిన కొలత ప్రమాణం, దానికి లభించేది ఫలం, అడిగేవాడు కోరుకున్నది ఇచ్ఛ.

క్రీ.శ. 629లో ఆర్యభటీయానికి భాష్యం రాసిన మొదటి భాస్కరుడు ఈ నియమం పరిధిని వివరించాడు. ఆర్యభటుడు త్రైరాశికాన్ని మాత్రమే చెప్పాడు కదా, పంచరాశికం మొదలైనవి ఎలా తెలుసుకోవాలన్న ప్రశ్నను ఆయనే లేవనెత్తి, ఆచార్యుడు అనుపాతానికి బీజాన్ని ఉపదేశించాడనీ, తక్కినవి దాని నుంచే సిద్ధిస్తాయనీ సమాధానం చెప్పాడు. నేటి తెలుగు పాఠ్యపుస్తకాలలో కనిపించే అనుపాతశబ్దం గణితార్థంలో ఎంత పాతదో దీనివల్ల తెలుస్తుంది.

క్రీ.శ. 628లో బ్రహ్మస్ఫుటసిద్ధాంతాన్ని రచించిన బ్రహ్మగుప్తుడు మరొక ముఖ్యాంశాన్ని నియమంలోనే చేర్చాడు. మూడు రాశులను వరుసగా అమర్చినప్పుడు మొదటిదీ చివరిదీ, అంటే ప్రమాణమూ ఇచ్ఛా, ఒకే జాతికి చెందినవై ఉండాలి. ఫలం వేరే జాతిది. దాని స్థానం మధ్య. కాబట్టి లెక్క మొదలుపెట్టే ముందే విద్యార్థి ఒక నిర్ణయం చేయవలసి ఉంటుంది: ఇచ్చిన మూడింటిలో ఏ రెండు సజాతీయాలు?

1150లో రెండవ భాస్కరుడు రచించిన లీలావతిలో ఒక కుంకుమపువ్వు లెక్క ఉంది. రెండున్నర పలాల కుంకుమపువ్వు వెల నిష్కంలో ఏడింట మూడు వంతులైతే, తొమ్మిది నిష్కాలకు ఎంత వస్తుంది? ఇక్కడ ప్రమాణం 3/7 నిష్కం, ఇచ్ఛ 9 నిష్కాలు, ఫలం 2½ పలాలు. ఫలాన్ని ఇచ్ఛతో గుణిస్తే 22½. దానిని 3/7తో భాగిస్తే 52½ పలాలు. గుణకారం ముందు, భాగహారం తరువాత చేయడంవల్ల మధ్యలో భిన్నాలతో కుస్తీ తగ్గుతుంది. ఇది గణకునికి పెద్ద సౌలభ్యం. అయితే ఒక ప్రశ్న మిగులుతుంది. పలాలను నిష్కాలతో గుణిస్తే వచ్చిన 22½ దేనికి కొలత? దానికి లోకంలో అర్థం లేదు. సమస్య ఆరంభంలోనూ ముగింపులోనూ అర్థం స్పష్టంగా ఉండి, మధ్యలో మాయమవుతుంది. త్రైరాశికం బలమూ బలహీనతా రెండూ ఇక్కడే ఉన్నాయి.

ఇచ్ఛ పెరిగితే ఫలం తగ్గే సందర్భాలకు వ్యస్తత్రైరాశికం వేరుగా ఉంది. అది ఎక్కడ వర్తిస్తుందో లీలావతి పేర్కొంది: ప్రాణుల వయసుకూ వెలకూ మధ్య, బంగారం వన్నెకూ తూకానికీ మధ్య, రాశులను వేరే కొలమానంతో విభజించేటప్పుడు. వీటిలో మొదటిదానికి ఇచ్చిన ఉదాహరణ నేటి పాఠకుని కలవరపెడుతుంది. పదహారేళ్ల స్త్రీ వెల 32 నిష్కాలైతే ఇరవయ్యేళ్ల స్త్రీ వెల ఎంత అని ఆ ప్రశ్న. జవాబు 25 3/5 నిష్కాలు. మనుషుల క్రయవిక్రయాలు గణితపాఠంలో సహజమైన ఉదాహరణగా చేరడం ఆనాటి సమాజం గురించి చెప్పే సాక్ష్యం. గణితపరంగానూ ఆ ఉదాహరణ ఒక లోపాన్ని బయటపెడుతుంది. వయసుకూ వెలకూ నిజంగా విలోమ సంబంధమే ఉంటే ఏడాది శిశువు వెల 512 నిష్కాలు కావాలి. ఏ సంతలోనూ అలా జరగదు. సంబంధం అనులోమమా విలోమమా అని అడిగిన సంప్రదాయం, అసలు ఆ సంబంధం అనుపాతమేనా అన్న ప్రశ్నను ఇక్కడ అడగలేదు.

త్రైరాశికం ఒక్క భారతదేశానికే పరిమితమైన పద్ధతి అనుకోవడం సరికాదు. చైనాలోని ‘తొమ్మిది అధ్యాయాలు’ అనే ప్రాచీన గణితగ్రంథంలో ఇటువంటి నియమమే ఉంది. భారతీయ పద్ధతిపై అల్‌బిరూనీ అరబీలో ప్రత్యేకంగా ఒక గ్రంథం రాశాడు. యూరప్ వర్తకగణితంలో ఈ నియమం ‘బంగారు నియమం’ అన్న పేరు పొందింది. వర్తకం, పన్నులు, నాణేల మార్పిడి ఉన్నచోటల్లా దీని అవసరం ఉంది.

4. తెలుగులోకి త్రైరాశికం

రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలంలో, క్రీ.శ. 850 ప్రాంతంలో, జైనపండితుడు మహావీరాచార్యుడు గణితసారసంగ్రహాన్ని రచించాడు. ఇందులో త్రైరాశికానికి ప్రత్యేకంగా ఒక వ్యవహారం, అంటే అధ్యాయం, ఉంది. దానికి తరువాతి మిశ్రక వ్యవహారంలో వడ్డీలు, భాగస్థుల మధ్య లాభాల పంపకం, బంగారం వన్నె లెక్కలు విస్తారంగా ఉన్నాయి. ఈ గ్రంథాన్ని ఎం. రంగాచార్య ఆంగ్లానువాదంతో 1912లో మద్రాసులో ప్రచురించారు.

మహావీరుని గ్రంథాన్ని పావులూరి మల్లన సారసంగ్రహ గణితంగా తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. తెలుగులో శాస్త్రగ్రంథరచనకు ఇది తొలి ఉదాహరణలలో ఒకటి. మల్లనకు రాజరాజనరేంద్రుని కాలంతో సంబంధం చెప్పే పద్యం ఆధారంగా ఆయనను నన్నయకు సమకాలికునిగా కొందరు భావించారు. రాజు నుంచి దానం పొందిన మల్లన, గ్రంథకర్త మల్లన ఒకరేనా, లేక తాతా మనుమలా అన్న విషయంలో సాహిత్యచరిత్రకారులలో భిన్నాభిప్రాయాలున్నాయి. మూలంలోని జైనపరమైన ప్రస్తావనలను మల్లన శైవపరంగా మార్చుకోవడం అందరూ గుర్తించిన విషయం. అనువాదమంటే మాటకు మాట పెట్టడం కాదని, ఉదాహరణలు చదివేవారి లోకానికి చెందినవై ఉండాలని ఆయన భావించినట్లు ఈ మార్పు సూచిస్తుంది.

పారిభాషికపదాల విషయంలో మాత్రం ఈ సంప్రదాయం సంస్కృతాన్నే అనుసరించింది. అయినా త్రైరాశికం తెలుగుకు పరాయిగా మిగలలేదు. ఇందుకు ఒక కారణాన్ని తెలుగు వాక్యనిర్మాణంలో చూడవచ్చు. ‘పది పళ్లకు ముప్పై రూపాయలు; ఇరవై పళ్లకు ఎంత?’ అన్న సాధారణవాక్యంలో ‘కు’ ప్రత్యయం చేరిన రాశులు రెండు. మొదటిది ప్రమాణం, రెండవది ఇచ్ఛ. ప్రత్యయం చేరని ముప్పై రూపాయలు ఫలం. బ్రహ్మగుప్తుడు నియమంగా విధించిన సజాతీయతను తెలుగు వాక్యం ప్రత్యయరూపంలో చూపుతోంది. ‘కు’ చేరినవి రెండూ ఒక జాతి, చేరనిది మరొక జాతి. వరుస కూడా అదే: ప్రమాణం, ఫలం, ఇచ్ఛ. సంతలో బేరమాడే వాక్యాన్ని ఉన్నదున్నట్లుగా పలకమీద రాస్తే అది త్రైరాశికం అమరిక అవుతుంది.

అయితే ఇదే వాక్యనిర్మాణం మరొక విషయంలో ఏ సాయమూ చేయదు. ‘నలుగురు కూలీలకు ఆరు రోజులు; ముగ్గురికి ఎన్ని?’ అన్న ప్రశ్న రూపం పళ్ల లెక్క రూపమే. కాని ఇక్కడ సంబంధం విలోమం, జవాబు 8 రోజులు. ‘నాలుగు చీరలు ఎండలో ఆరడానికి రెండు గంటలు, ఎనిమిది చీరలకు ఎన్ని?’ అన్నదీ అదే రూపం. ఇక్కడ అనుపాతమే లేదు. తగినంత చోటుంటే ఎనిమిది చీరలూ రెండు గంటల్లోనే ఆరతాయి. సజాతీయతను భాష సూచిస్తుంది. సంబంధం స్వభావాన్ని సూచించదు. దానిని లోకజ్ఞానంతో నిర్ణయించుకోవలసిందే. బోధనలో అత్యంత శ్రద్ధ అవసరమైన స్థానం ఇదే.

5. వీధిబడి, కరణీకం, నాణేల మారకం

పండితుల గ్రంథాలలోని గణితం బడిపిల్లలకు ఎలా అందింది? 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో దేశీయ విద్యపై జిల్లా కలెక్టర్ల నుంచి నివేదికలు కోరాడు. వాటిలో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక వివరమైనది. 1816లో తెలుగు వ్యాకరణాన్ని ప్రకటించిన క్యాంప్‌బెల్ ఈయనే. నేటి అనంతపురం ప్రాంతం అప్పట్లో బళ్లారి జిల్లాలో భాగం. 1882లోనే అది వేరు జిల్లా అయింది. కనుక తెలుగు, కన్నడ బడులు రెండింటికీ ఈ నివేదిక వర్తిస్తుంది. జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నట్లు ఆయన లెక్క తేల్చాడు.

ఆ నివేదిక ప్రకారం పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. ఎక్కాలు, ధనధాన్యాల కొలతల మార్పిడులు నేర్చుకునేవారు. భిన్నాల బోధనపై చాలా శ్రమ పెట్టేవారని, ఆ భిన్నాలు పదేసి వంతులుగా కాక నాలుగేసి వంతులుగా చాలా దూరం దిగుతాయని క్యాంప్‌బెల్ ప్రత్యేకంగా గుర్తించాడు. రోజుకు రెండుసార్లు పిల్లలను వరుసగా నిలబెట్టి వీటన్నింటినీ వల్లె వేయించేవారు.

నాలుగేసి వంతుల ఈ పద్ధతి తెలుగు భాషలోనూ లిపిలోనూ ముద్ర వేసింది. పాతిక నాలుగో వంతు, వీసం పదహారో వంతు. రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు కానీలు, అంటే రూపాయికి అరవైనాలుగు కానీలు. యూనికోడ్ తెలుగు పట్టికలో నాలుగు యొక్క బేసి ఘాతాలకు, సరి ఘాతాలకు వేర్వేరుగా భిన్నసంజ్ఞలు నేటికీ ఉన్నాయి. సగంలో సగం, పాతికలో పాతిక అని దిగిన పిల్లవానికి రెట్లు, వంతులు నోటికి వచ్చిన మాటలు.

క్యాంప్‌బెల్ ఈ బడులలో మెచ్చుకున్నవీ ఉన్నాయి, తప్పుపట్టినవీ ఉన్నాయి. పెద్ద విద్యార్థులు చిన్నవారికి నేర్పే పద్ధతిని, తక్కువ ఖర్చుతో రాత నేర్పడాన్ని ఆయన ప్రశంసించాడు. బడిపిల్లలు కంఠస్థం చేసే పద్యాల అర్థం చిలుకకు తెలిసినంతైనా వారికి తెలియదన్న ధోరణిలో విమర్శించాడు. ఆ విమర్శ ప్రధానంగా కావ్యభాషను ఉద్దేశించినది. లెక్కల విషయంలో పరిస్థితి కొంత భిన్నం. పద్యానికి బడి బయట ప్రయోగం లేకపోవచ్చు. వీసానికీ మానికకూ ఆ సాయంత్రమే అంగడిలో ప్రయోగం ఉంది. వల్లె వేయడం, అర్థం చేసుకోవడం ఎప్పుడూ పరస్పరవిరుద్ధాలు అనుకోనవసరం లేదు. కంఠస్థమైనది వాడుకలో అర్థాన్ని పొందుతుందా లేదా అన్నదే ప్రధానం.

ఇటువంటి వాడుకకు ఇరవయ్యో శతాబ్దపు తెలంగాణ చక్కని ఉదాహరణ. హైదరాబాదు సంస్థానానికి సొంత నాణెం ఉండేది. హాలీ సిక్కాకూ బ్రిటిష్ ఇండియా కల్దార్‌కూ మారకం ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. నూరు కల్దార్లకైతే 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైసలు. సంస్థానం విలీనమైన తరువాత, 1950లో భారత రూపాయి ప్రవేశించినప్పుడు కూడా ఇదే మారకం కొనసాగింది. పదిహేను కల్దార్లకు ఎన్ని హాలీలని అడిగితే త్రైరాశికం ప్రకారం ఏడును పదిహేనుతో గుణించి ఆరుతో భాగిస్తే 17½, అంటే 17 రూపాయల 8 అణాలు. ఒక కల్దార్‌కు ఎంతో ముందు తెలుసుకోవాలంటే రూపాయి 2 అణాల 8 పైసలన్న చిక్కుసంఖ్యతో మొదలుపెట్టాలి. త్రైరాశికం వర్తకులను, కరణాలను ఎందుకు ఆకర్షించిందో ఈ ఒక్క లెక్క చెబుతుంది. సరిహద్దు గ్రామాల వారికి ఏడు-ఆరు అన్నది గణిత అధ్యాయం కాదు, చేతిలోని డబ్బు విలువ.

6. నిష్పత్తి-అనుపాతం: పరిభాష మారిన తీరు

ఆధునిక విద్యతోపాటు వచ్చిన నిష్పత్తి-అనుపాత సిద్ధాంతానికి మూలం గ్రీకు గణితం. యూక్లిడ్ ఐదవ పుస్తకంలో నిష్పత్తి అంటే ఒకే జాతికి చెందిన రెండు పరిమాణాల మధ్య పరిమాణదృష్ట్యా ఉండే సంబంధం. అటువంటి రెండు నిష్పత్తులు సమానమైతే అది అనుపాతం. త్రైరాశికంలో ప్రధానప్రశ్న ‘నాలుగవ రాశి ఎంత’ అన్నది. యూక్లిడ్ ప్రశ్న ‘ఈ రెండు సంబంధాలు ఒకటేనా’ అన్నది. మొదటిది సాధనప్రధానం, రెండవది సంబంధప్రధానం. సంబంధాన్నే ఒక వస్తువుగా చూడడం ఈ సిద్ధాంతం తెచ్చిన నిజమైన లాభం. సరూప త్రిభుజాలు, త్రికోణమితి, ఏకఘాత ప్రమేయాలు నేర్చుకోవడానికి ఈ దృష్టి తప్పనిసరి.

1631లో ఆంగ్ల గణితవేత్త విలియం ఆట్రెడ్ ఉపయోగించిన నాలుగు చుక్కల గుర్తు, ఆ తరువాత స్థిరపడిన రెండు చుక్కల గుర్తు పాఠ్యపుస్తకాల ద్వారా తెలుగు పలకమీదికి వచ్చాయి. ‘2 : 3 :: 8 : 12’ అన్న రూపం క్లుప్తమైనది. కాని ఇందులో ‘కు’ లేదు, పళ్లు లేవు, రూపాయలు లేవు. రాశులు ప్రమాణ, ఫల, ఇచ్ఛ అన్న పాత్రల పేర్లు కోల్పోయి పూర్వపదం, పరపదం, అంత్యాలు, మధ్యమాలు అన్న స్థానాల పేర్లు పొందాయి. అంత్యాల లబ్ధం మధ్యమాల లబ్ధానికి సమానమన్న సూత్రం స్థానాన్ని చూసి వాడేది. ఏ రాశి ఎందుకు అక్కడ ఉందో అడగకుండానే విద్యార్థి దానిని వాడగలడు.

పదాల చరిత్ర కూడా ఆసక్తికరమైనది. పందొమ్మిదో శతాబ్దంలో సి.పి. బ్రౌన్ నిఘంటువు త్రైరాశికాన్ని గణితపదంగా నమోదు చేసింది. నిష్పత్తి అన్న పదానికి సంప్రదాయార్థం సిద్ధి, పూర్తి కావడం. వ్యాకరణంలో పదనిష్పత్తి అంటే పదం ఏర్పడే తీరు. రెండు రాశుల పోలికకు ఈ పదాన్ని వాడడం ఆధునిక పరిభాషాకల్పన. తక్కిన భారతీయభాషలతో పోలిస్తే ఈ ఎంపిక ఎంత యాదృచ్ఛికమో తెలుస్తుంది. తెలుగు ‘నిష్పత్తి’ అనే దానిని హిందీ, కన్నడ పాఠ్యపుస్తకాలు ‘అనుపాత’ అంటాయి. తెలుగు ‘అనుపాతం’ అనే దానిని అవి ‘సమానుపాత’ అంటాయి. మరాఠీలో మొదటిది ‘గుణోత్తర’, రెండవది ‘ప్రమాణ’. తమిళంలో మొదటిది ‘వికితమ్’. ఒకే అనుపాతశబ్దం ఒక భాషలో రెండు రాశుల సంబంధం, మరొక భాషలో నాలుగు రాశుల సంబంధం. త్రైరాశికంలో మొదటి రాశికి పేరైన ప్రమాణం మరాఠీలో మొత్తం సంబంధానికే పేరయింది.

ఈ పట్టికలో మరాఠీ ‘గుణోత్తర’ మాత్రమే సంబంధం గుణకారానికి చెందినదని పేరులోనే సూచిస్తుంది. తెలుగు ‘నిష్పత్తి’లో అటువంటి సూచన లేదు. సిద్ధి అన్న అర్థం తెలిసిన సాహిత్యవిద్యార్థికి కూడా గణితంలో అది తోడ్పడదు. ‘పాళ్లు’ అన్న పదానికి ఆ శక్తి కొంత ఉంది. మొత్తాన్ని సమానభాగాలుగా ఊహించుకోమని అది చెబుతుంది. సిమెంటు, ఇసుక ఒకటికి నాలుగు పాళ్లన్నప్పుడు మొత్తం ఐదు పాళ్లని, ఇసుక ఐదింట నాలుగు వంతులని మేస్త్రి వద్ద పనిచేసే కుర్రవాడు గ్రహిస్తాడు. 1 : 4 అన్న గుర్తును 1/4గా పొరబడే విద్యార్థి ఈ తేడాను పోగొట్టుకుంటాడు. పదం ఒక్కటే ఈ పొరపాటుకు కారణమని చెప్పలేము. కాని దానిని నివారించే అవకాశమున్న పదాన్ని తరగతిగది బయట వదిలేశామన్నది వాస్తవం.

7. దశాంశమానం, ఏకవస్తు పద్ధతి

స్వాతంత్ర్యానంతరం రెండు పరిణామాలు పాత అంకగణితం స్వరూపాన్ని మార్చాయి. 1956 నాటి తూనికలు, కొలతల ప్రమాణాల చట్టంతో మెట్రిక్ పద్ధతికి దారి ఏర్పడింది. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు అమలులోకి వచ్చాయి. రూపాయి వంద నయాపైసలయింది. అణా ఆరుంబాతిక నయాపైసలు కావడంతో కొంతకాలం గందరగోళం కలిగినా, క్రమంగా మార్పిడి అంటే దశాంశబిందువును జరపడంగా మారింది. గణన సులభమయింది. దానితోపాటు వీసం, బేడ, కుంచం, తూము తెచ్చిన వంతుల అభ్యాసమూ నిత్యజీవితం నుంచి తప్పుకొంది. భిన్నం, నిష్పత్తి ఇక బడిలో మాత్రమే ఎదురయ్యే విషయాలయ్యాయి.

పాఠశాలలో త్రైరాశికం స్థానాన్ని ఏకవస్తు పద్ధతి చాలావరకు తీసుకొంది. పది పళ్లకు ముప్పై రూపాయలైతే ఒక పండుకు మూడు రూపాయలు. ఇరవై పళ్లకు అరవై. ఇందులో ప్రతి మెట్టుకూ లోకంలో అర్థం ఉంది. త్రైరాశికంలోని అర్థం లేని మధ్యలబ్ధం ఇక్కడ లేదు. అర్థబోధ దృష్ట్యా ఇది స్పష్టమైన మేలు. పైగా ‘ఒక పండుకు’ అన్న మెట్టు తెలుగులోని ‘కు’ నిర్మాణంలోనే ఉంది.

అయితే దీనికీ పరిమితి ఉంది. ఇరవై పదికి రెట్టింపు కనుక ముప్పైకి రెట్టింపు అరవై అని ఒక్క చూపులో గ్రహించగల సందర్భంలో కూడా విద్యార్థి ఒకటి దగ్గరికి దిగివచ్చి మళ్లీ ఎక్కుతాడు. కార్‌ప్లస్ ప్రశ్నలో గుండీకి ఒకటిన్నర క్లిప్పులని కనుక్కోవడం ఒక మార్గం. పొడుగు మనిషి పొట్టి మనిషికి ఒకటిన్నర రెట్లని చూడడం మరొక మార్గం. మొదటిది రెండు జాతుల మధ్య సంబంధం, రెండవది ఒకే జాతి లోపలి సంబంధం. ఏకవస్తు పద్ధతి మొదటిదానిని, యూక్లిడ్ నిష్పత్తి రెండవదానిని ముందుకు తెస్తాయి. అనుపాతం అర్థమైన విద్యార్థికి రెండు చూపులూ కావాలి.

2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రానికి అనుబంధమైన గణితబోధన పత్రం, పిల్లల ఆలోచనను గణితీకరించడమే గణితవిద్య ప్రధానలక్ష్యమని పేర్కొంది. అనుపాతం విషయంలో ఆ లక్ష్యం నెరవేరాలంటే ‘లెక్క ఎలా చేయాలి’ అన్న ప్రశ్నకు ముందు ‘ఇది అనుపాతమేనా’ అన్న ప్రశ్న తరగతిలో వినపడాలి. చీరల లెక్కకు నాలుగు గంటలని జవాబిచ్చే విద్యార్థికి సూత్రం వచ్చు. ఆ సూత్రానికి హద్దు ఎక్కడో తెలియదు.

8. ముగింపు

పై పరిశీలన వల్ల ఈ కింది అంశాలు తేలుతున్నాయి.

1. అనుపాతభావన తెలుగు విద్యార్థికి బడిలో కొత్తగా ఎదురయ్యేది కాదు. ‘పాళ్లు’, ‘నూటికి’, ‘ఏసి’ వంటి రూపాలలో అది మాతృభాషలోనే ఉంది. పాఠ్యపుస్తక పరిభాష ఈ రూపాలతో సంబంధం కల్పించకుండా నేరుగా ‘నిష్పత్తి’తో మొదలుకావడం వల్ల తెలిసిన విషయమే తెలియనిదానిలా కనిపిస్తోంది.

2. ప్రమాణం, ఫలం, ఇచ్ఛ అన్న పేర్లతో త్రైరాశికం రాశుల పాత్రలను, సజాతీయతను ముందుగా నిర్ణయించమన్నది. తెలుగు వాక్యంలోని ‘కు’ ప్రత్యయం ఈ నిర్ణయానికి సహజంగా తోడ్పడుతుంది. గణన మధ్యలో అర్థం లోపించడం ఆ పద్ధతి బలహీనత.

3. నిష్పత్తి-అనుపాత సిద్ధాంతం సంబంధాన్ని స్వతంత్రవస్తువుగా చూపి ఉన్నతగణితానికి దారి వేసింది. దాని సంజ్ఞారూపం మాత్రం రాశుల జాతిని, పాత్రను కనుమరుగు చేసింది. ఏకవస్తు పద్ధతి ప్రతి మెట్టుకూ అర్థం ఇచ్చింది. రెట్లను ఒక్కచూపులో చూసే అలవాటును తగ్గించింది.

4. సంబంధం అనులోమమా, విలోమమా, అసలు అనుపాతమేనా అన్న నిర్ణయానికి భాష గాని సూత్రం గాని హామీ ఇవ్వదు. లీలావతిలోని వయసు-వెల లెక్క నుంచి నేటి చీరల లెక్క వరకు ఈ లోటు కొనసాగుతోంది.

కాబట్టి పాత పద్ధతిని యథాతథంగా పునరుద్ధరించడం గాని, ఉన్న పరిభాషను తొలగించడం గాని పరిష్కారం కాదు. నిష్పత్తి పాఠాన్ని ‘పాళ్ల’తో మొదలుపెట్టడం, రెండు చుక్కల గుర్తుకు ముందు ‘దేనికి ఎంత’ అన్న వాక్యాన్ని విద్యార్థి చేతనే రాయించడం, అనుపాతం కాని లెక్కలను అనుపాతం లెక్కల మధ్యనే ఉంచడం ఆచరణసాధ్యమైన మార్గాలు. పాఠ్యపుస్తకాల పరిభాషను నిర్ణయించే సంఘాలలో గణితోపాధ్యాయులతోపాటు తెలుగు భాషాధ్యాపకులకూ పని ఉందని ఈ చరిత్ర తెలుపుతోంది. పందొమ్మిది, ఇరవయ్యో శతాబ్దాలలో ముద్రితమైన తెలుగు అంకగణిత వాచకాలను ఈ దృష్టితో వరుసగా పరిశీలిస్తే, త్రైరాశికం ఎప్పుడు, ఏ తరగతి నుంచి తప్పుకొన్నదో మరింత నిర్దిష్టంగా నిరూపించవచ్చు.